కూర్చున్న చోటి నుంచి తోట

పెళ్లయి తిరుపతికి వచ్చాక రెండో అంతస్తులో అద్దెకున్నాం. కాలు కింద మన్ను లేదన్న దిగులు నాకు ఎన్నాళ్లకీ పోలేదు. అందుకేనేమో, పాకాల దారిలోని ఓ చిన్న నర్సరీకి మల్లెమొక్క కోసం వెళ్లి, అక్కడి పెద్దాయన దగ్గర తోటలు వేసే పనికి కుదిరాను.

ఏడాది తర్వాత ఆయన నాకు ఒక తోట పూర్తిగా అప్పజెప్పాడు. తిరుచానూరులో ఒంటరిగా ఉండే రిటైరైన నర్సమ్మ ఇంటి ముందు కాస్త జాగా. రెండు రోజులు కూర్చుని కాగితం మీద గీశాను. గేటు దగ్గర పొట్టి మొక్కలు, వరండాను ఆనుకుని ఎత్తుగా నందివర్ధనాలు. చాలా బాగుందనుకున్నాను.

పెద్దాయన కాగితం చూసి అడిగాడు. "ఇది ఎవురు సూసేదానికి, పాపా?"

"లోపలికి వచ్చేవాళ్లకు, అన్నా."

"వాళ్లు రెండు నిమిషాలు సూసి పోతారు. ఆయమ్మ పొద్దస్తమానం యాడ కూసోనుంటాది? పో, ఆడ కూసోని సూడు."

వెళ్లి వరండాలో ఆమె కుర్చీలో కూర్చున్నాను. నా నందివర్ధనాలు పెరిగితే ఆమె ముఖానికి అడ్డంగా గోడ కట్టినట్టే. సిగ్గేసింది. మీకేం కావాలని అంతవరకూ నేను అడగనే లేదు. అప్పుడడిగాను.

"కనకాంబరాలు మ్మా," అందామె. "నా చేత్తో కోసుకోవాలని ఉండాది. మోకాళ్లు వంగవు, ఏం జేసేది?"

ఆ రాత్రే కాగితం చించేశాను. నందివర్ధనాలను గేటు వైపుకు మార్చాను. వరండా పక్కనే, నీడ పడే చోట, నడుమెత్తున ఇటుకలతో దిన్నె కట్టించి కనకాంబరాలు నాటాను. మూడు నెలలకు ఆమె నిలబడే దోసెడు పూలు కోసింది. నేను కళ్లు తుడుచుకున్నాను.

పెద్దాయన వచ్చి ఆ కుర్చీలో చాలాసేపు కూర్చున్నాడు. "సరిపోయినాది," అన్నాడు. లేస్తూ, "నీకు గూడా ఒకటి గీసుకో పాపా, జాగా ఎప్పుడో ఒకప్పుడు వస్తాది," అన్నాడు.

గీసుకున్నాను. జాగా ఇంకా రాలేదు. పోయిన వానాకాలంలో ఆయన పోయాడు. నర్సరీ ఉన్నచోట ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు. ఎవరి తోటకైనా గీత పూర్తి కాగానే, బస్సెక్కి ఆయనకు చూపించి రావాలనిపిస్తుంది. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాక గానీ ఆయన లేడని గుర్తుకు రాదు.