నూనెమ్మ ముక్కు, ఐదు కాగితాలు

మా అమ్మమ్మ తీసిన నూనె రెండేసి చుక్కలు దిండు మీద వేసుకుని ఉంటే ఈ భూమ్మీద ఒక్క యుద్ధం కూడా జరిగి ఉండేది కాదు. సేనాపతులు గుర్రాల మీదే గురక పెట్టేవాళ్ళు. చరిత్ర పుస్తకం సగానికి సగం తగ్గిపోయేది, నేను తొమ్మిదో తరగతి తప్పేదాన్ని కాదు. ఇంత మేలు చేయగలిగిన మనిషి మా సందులోని రేకుల షెడ్డులో, పొట్టి స్టూలు మీద కూర్చుని, సొట్టలు పడ్డ రాగి కాగుకి కాపలా కాస్తూ బతుకు గడిపేసిందంటే అది ప్రపంచం చేసుకున్న పాపం. మేమేం చేస్తాం.

ఆ నూనె పేరు లెమన్ బామ్ నూనె. మొక్క చూడ్డానికి పుదీనాకి చెల్లెలిలా ఉంటుంది. ఆకు నలిపితే నిమ్మతొక్క వాసన వస్తుంది. అందం, సువాసన అన్నీ ఉన్నాయి గానీ పరమ లోభి. ఒక మనిషి మోయలేనంత ఆకు కాగులో కుక్కి, నీళ్ళు పోసి, పొద్దున్నించి మధ్యాహ్నం దాకా మంట పెడితే, గొట్టంలోంచి కారే నీళ్ళ మీద తేలుతూ వచ్చే నూనె రెండు చెంచాలు. అదే కాగులో నిమ్మగడ్డి వేస్తే గ్లాసెడు వస్తుంది. వాసన కూడా పైపైన ఒకలాగే ఉంటుంది. అందుకని లెమన్ బామ్ పేరుతో అక్కడా ఇక్కడా అమ్మే సీసాల్లో చాలా వాటికి గడ్డితోనే చుట్టరికం. మా అమ్మమ్మ మాత్రం నిమ్మగడ్డిని షెడ్డు ఛాయలకి రానివ్వదు. దాన్ని తినడానికి పశువులున్నాయిగా అంటుంది.

ఈ విద్య ఆవిడ ఏ బడిలోనూ నేర్చుకోలేదు. చదువు అబ్బకపోవడం మా వంశంలోనే ఉందని నేను వాదించేటప్పుడు మొదట చూపించేది ఈవిడనే. సెంట్ల ఫ్యాక్టరీలో పదిహేడేళ్ళు ఖాళీ సీసాలు కడిగింది. కడిగే ముందు ప్రతి సీసా మూతి దగ్గరా ముక్కు పెట్టేది. అందుకు జీతం ఏమీ ఇచ్చేవాళ్ళు కాదు, తిట్లు ఇచ్చేవాళ్ళు. ఫ్యాక్టరీ మూతపడ్డ రోజు మిగతావాళ్ళు కుర్చీలూ ఫ్యాన్లూ పట్టుకుపోతుంటే, ఈవిడ పాత ఇనుము కొట్టుకి పోవాల్సిన కాగు ఒకటి దొర్లించుకుంటూ ఇంటికొచ్చింది. మా తాతయ్య ఆ ఫ్యాక్టరీలోనే బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. స్నానానికి నీళ్ళు కాచుకోవడానికా అని అడిగాడట. కాదు, నీ బుర్ర ఉడకబెట్టడానికి అందట. మర్నాడు దానికి మూత చేయించి గొట్టం అతికించింది మాత్రం ఆయనే. పొగ చూసి వీధి వీధంతా ఈవిడ సారా కాస్తోందనుకుంది. కొందరు పెద్దమనుషులు ఖాళీ సీసాలు చంకలో పెట్టుకుని వచ్చి, వాసన చూసి, దుఃఖం దిగమింగుకుని వెనక్కి వెళ్ళారట. అప్పట్నించి ఆవిడ పేరు నూనెమ్మ.

నూనె ఎందుకు వాడాలో ఆవిడ చెప్పేవి మూడంటే మూడే. నిద్ర పట్టకపోతే దిండు మీద ఒకటి రెండు చుక్కలు వేసుకోవాలి. మనసు గాభరాగా ఉంటే రుమాలు మీద వేసి వాసన చూడాలి. పెదవి మీద పొక్కు లేస్తే చెంచాడు మామూలు నూనెలో ఒక చుక్క కలిపి అద్దాలి. తాగకూడదు, పసిపిల్లలకి పెట్టకూడదు, కలపకుండా ఒంటికి రాయకూడదు. ఇంత కష్టపడి చెబితే జనం వింటారా. మంగలి తన బట్టతలకి కలపకుండా పట్టించాడు. జుట్టు మొలవలేదు గానీ తల మూడు రోజులు పండు టమాటాలా వెలిగింది. బడిలో టీచరమ్మ పరీక్ష భయం పోతుందని పిల్లల పుస్తకాలకి పూసింది. పిల్లలు ఏ భయం లేకుండా తప్పారు. దర్జీ పెళ్ళాం మొగుడి కోపం తగ్గుతుందని చొక్కా కాలర్లకి రాసింది. ఆ ఇంట్లో దోమలు తగ్గాయి. ఫిర్యాదుకి వచ్చినవాళ్ళందరికీ అమ్మమ్మ ఒకటే చెప్పేది, నూనె తనకి చేతనైనంత చేసింది, మిగతాది మీ చేతకానితనమని.

మా నూనె అమ్మేది ఒకే ఒక్క చోట, బజారు మూలనున్న మందుల షాపులో. ఆ షాపాయన వద్దంటే మా కాగు మళ్ళీ పాత ఇనుము కొట్టు దారి పట్టాల్సిందే. ఏటా మొదటి కోత నూనె తీసుకెళ్ళిన రోజు ఆ షాపులో ఒక పరీక్ష జరుగుతుంది. అది అమ్మమ్మ నోటి దురుసు వల్ల మొదలైంది. ఇరవై ఏళ్ళ కిందట ఎవరో, నీదీ గడ్డి నూనేగా అన్నారట. ఈవిడ షాపు మధ్యలో నిలబడి, ఐదు రకాల నూనెలు ఐదు కాగితం ముక్కల మీద వెయ్యమంది. కళ్ళు మూసుకుని వాసన చూసి తనదేదో చెప్పింది. అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకుంటే మా అమ్మమ్మ ఎందుకవుతుంది. నా నూనె నేను పోల్చుకోలేని రోజు నించి నీ గడప తొక్కనని ఒట్టు కూడా పెట్టుకుంది. అప్పట్నించి పరీక్ష రోజు తలనొప్పి మాత్రలు కొనే నెపంతో బజారు సగం అక్కడే ఉంటుంది.

ఈ ఏడు మొదటి కోత ఆకు కాస్తున్న రోజు, నేను కట్టెలు తేవడానికి వెళ్ళి, తిరిగొస్తూ దర్జీ ఇంటి ముందు కాస్త ఆగాను. కాస్త అంటే, మొగుడూ పెళ్ళాల గొడవ ఒక కొలిక్కి వచ్చేదాకా. సందు మొదట్లోకి వచ్చేసరికి మాడు వాసన గుప్పున కొట్టింది. పరిగెత్తుకెళ్ళి చూస్తే కాగులో నీళ్ళు ఇగిరిపోయి ఆకు అడుగంటింది. కట్టెల పొయ్యి కాబట్టి మా షెడ్డులో పొగ ఎప్పుడూ ఉండేదే, కంటికి తేడా తెలియదు. కానీ ముక్కున్న వాళ్ళెవరూ ఆ కంపులో కూర్చోలేరు. మా అమ్మమ్మ దాని పక్కనే స్టూలు మీద కూర్చుని హాయిగా సీసా మూతలు తుడుచుకుంటోంది.

మంట లాగేసి, "అడుగంటింది అమ్మమ్మా, నీకు వాసన రాలేదా?" అన్నాను.

"కాస్త జలుబు చేసింది."

"ఎప్పట్నించి?"

మూత తుడవడం ఆపకుండానే, "ఐదేళ్ళైంది" అంది.

తర్వాత ఒక్కో ముక్కా లాగాల్సి వచ్చింది. ఐదేళ్ళుగా వాసన సన్నగిల్లుతూ వచ్చిందట. నిరుటి పరీక్షలో కాగితం ముక్కుకి ఆనించుకుంటే ఎలాగో అందిందట. ఈ ఏడు కాఫీకీ వేణ్ణీళ్ళకీ తేడా లేదట. అప్పుడు నాకు వెలిగింది. ఈ ఐదేళ్ళూ ప్రతి కాగు దగ్గరా నన్ను పిలిచి, ఏమే, ఎలా ఉందో చెప్పు అనేది. నేనేం చెప్పినా పెదవి విరిచి, నీ మొహం అనేది. తర్వాత సరిగ్గా నేను చెప్పినట్టే చేసేది. నాకు విద్య నేర్పుతోందనుకుని మురిసిపోయాను. నేర్పలేదు, వాడుకుంది. గొడ్డలి అరువు తీసుకున్నవాళ్ళు కూడా ఒక మాట చెప్పి తీసుకుంటారు.

అయినా కోపం కంటే గర్వమే ఎక్కువ వచ్చింది. ఈ షెడ్డుకి అసలు ముక్కు నేనన్నమాట. మాడకముందు గొట్టంలోంచి దిగిన నూనె అప్పటికే గాజుకుప్పెలో ఉంది. అది పనికొస్తుందో లేదో చూడాలి. అమ్మమ్మ పద్ధతి ఏమిటంటే, బయటికెళ్ళి, మొహం కడుక్కుని, సందు చివరిదాకా నడిచొచ్చి, అప్పుడు వాసన చూడాలి. అలాగే చెయ్యమంది కూడా. ఇంత పెద్ద ముక్కుకి ఈ నడకలెందుకని నేను ఆ పొగలోనే నిలబడి, కుప్పె మూతి దగ్గర ఒక్క పీల్పు పీల్చి, బాగుందని తీర్పు చెప్పాను. దాన్ని ఈ ఏటి నూనెలో కలిపేశాం.

ఇక పరీక్ష గండం మిగిలింది. నేను ఒక ఉపాయం చెప్పాను. ఆవిడ భుజం పక్కన నిలబడతాను, మన కాగితం వచ్చినప్పుడు ముక్కు ఎగబీలుస్తాను, అదే గుర్తు. నిజాయితీ గురించి ఇరవై ఏళ్ళుగా బజారంతటికీ పాఠాలు చెప్పిన మనిషి ఇది వింటే మండిపడుతుందనుకున్నాను. మండిపడలేదు. మెల్లగా ఎగబీల్చు, కొంపలంటుకున్నట్టు కాదు అంది.

షాపుకి వెళ్ళేసరికి బల్ల మీద కొత్త సీసాలు నాలుగు నిలబడి ఉన్నాయి. టోకు వ్యాపారి నమూనాకి ఇచ్చి వెళ్ళాడట, మా ధరలో సగమేనట. షాపాయన మంచివాడే, అమ్మమ్మని పెద్దమ్మా అని పిలుస్తాడు. కానీ మాట దాచలేదు. జనం చవకది అడుగుతున్నారనీ, ఈసారి కాగితం తప్పితే మా సీసాలుండే అరలో వీటినే పెట్టేస్తాననీ చెప్పేశాడు. తలనొప్పి మాత్రలవాళ్ళు దగ్గరికి జరిగారు. అమ్మమ్మ కళ్ళు మూసుకుంది.

మొదటి కాగితం గడ్డి. రెండోది ఏదో పొగచూరిన సరుకు. ఎవరో చేతకానివాళ్ళు కాచారు, పాపం, అనుకున్నాను. మూడోది మళ్ళీ గడ్డి. నాలుగోది రాగానే గుండె కుదుటపడింది. లేత ఆకు, నిమ్మతొక్క, వెనకాల కాస్త తేనె. మా అమ్మమ్మ నూనె ఎలా ఉండాలో అలా ఉంది. ఎగబీల్చాను. కాస్త గట్టిగానే.

"ఇదే" అంది అమ్మమ్మ.

షాపాయన కాగితం తిప్పి, వెనక రాసుకున్నది చూసి, తల గోక్కున్నాడు. "ఇది నిరుటిది పెద్దమ్మా. అడుగున కాస్త మిగిలితే సరదాకి వేశాను."

అదీ ఆవిడదేగా, లెక్కలోకి తీసుకో అని మాత్రలవాళ్ళలో ఎవరో అన్నారు. షాపాయన కూడా అదే నయమనుకున్నట్టు తలూపాడు. బతికిపోయాం అనుకున్నాను. అమ్మమ్మ కళ్ళు తెరిచింది.

"పందెం ఈ ఏటిదానికి. నిరుటిదానికి కాదు" అంది. "ఇంకో మాట కూడా విను. నా ముక్కు పోయింది. ఇప్పుడు వాసన చూసింది ఇది."

అందరూ నావైపు చూశారు. నేను దగ్గు మందు సీసాల వైపు చూశాను. అమ్మమ్మ బయటికి నడిచి, గడప దాటి, రోడ్డు మీద నిలబడింది. ఎండలో నిలబడటానికి ఆవిడకి సరదా ఏమీ లేదు. ఒట్టు అంటే ఒట్టే.

షాపాయన కాగితాలు కలిపేసి నా ముందు పరిచాడు. "అయితే నువ్వే చెప్పమ్మాయ్. ఎవరి సాయం లేకుండా."

ఈసారి తొందరపడలేదు. వీధి కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాను. బజారు చివరిదాకా నడిచి వచ్చాను. అమ్మమ్మ పక్కనుంచే రెండుసార్లూ వెళ్ళాను, నన్ను ఎరగనట్టే నిలబడింది. లోపలికొచ్చి ఒక్కో కాగితం ఎత్తి చూశాను. ఇందాక ఎవరో చేతకానివాళ్ళు కాచారనుకున్నది మళ్ళీ చేతికొచ్చింది. పొగ కింద ఆకు ఉంది. ఆకు మాదే. పొగ కూడా మాదే, మా కట్టెలదే. ఆ చేతకానిమనిషి ఎవరో కూడా తెలిసింది.

"ఇది మాది" అన్నాను.

షాపాయన కాగితం తిప్పి చూశాడు. ఈ ఏటిదే. మాత్రలవాళ్ళు సంతోషించారు. ఆయన మాత్రం కాగితం తన ముక్కు దగ్గర పెట్టుకుని, "బాగుందంటావా?" అని అడిగాడు.

పొగ చూరిందని ఆయనకి తెలిసిందో లేదో నాకు తెలియలేదు. బాగుంది అంటే అర మాదే. కిటికీలోంచి చూస్తే అమ్మమ్మ చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"మాడింది" అన్నాను. "బాగుందని ఆవిడకి చెప్పింది నేనే. పొగలో నిలబడి వాసన చూశాను."

ఆయన కాగితం బల్ల మీద పెట్టేశాడు. తర్వాత మా సీసాలన్నీ తిరిగి నా సంచిలో పెట్టాడు. టోకు వ్యాపారి సీసాలు బల్ల మీంచి తీసి కిందెక్కడో పెట్టాడు. "మాడిన సరుకు నేనమ్మను. రెండో కోత ఎప్పుడు?"

ఏడు వారాలకని చెప్పాను.

"అందాకా ఆ అర ఖాళీగా ఉంటుంది. తన సరుకు పాడైందని చెప్పే వ్యాపారిని ఇంతవరకూ చూడలేదు. మీరు ఎన్నాళ్ళు నిలబడతారో అదీ చూస్తాను" అన్నాడు.

దారి పొడుగునా అమ్మమ్మ నాకంటే పది అడుగులు ముందే నడిచింది. తిట్టి ఉంటే బాగుండేది. ఇంటికొచ్చాక ఆ నూనెంతా ఒక డబ్బాలో పోసి, షెడ్డులో దోమలకి వాడమని నా చేతికిచ్చింది. ఏడు వారాలు దోమలకి కూడా మాడు వాసనే.

రెండో కోత ఆకు పువ్వు విచ్చకముందే కోశాం. కాగు దగ్గర్నించి నేను కదలలేదు. దర్జీ ఇంట్లో ఆ వారం ఏం గొడవ జరిగిందో ఇప్పటికీ తెలియదు. కుప్పె నిండినప్పుడల్లా మొహం కడుక్కుని సందు చివరిదాకా నడిచొచ్చాను. నూనె తీసుకుని షాపుకి వెళ్ళిన రోజు అమ్మమ్మ ఎదురుగా ఉన్న టీ కొట్టు బెంచీ మీద కూర్చుండిపోయింది, గడప తొక్కదుగా. నేనొక్కదాన్నే లోపలికెళ్ళాను. ఐదు కాగితాల్లో మాది తీశాను. షాపాయన ఈసారి కూడా బాగుందా అని అడిగాడు. బాగుందన్నాను. తనూ వాసన చూసి, సీసాలు తనే అరలో సర్దాడు.

బయటికొచ్చి అమ్మమ్మకి సంగతి చెప్పాను. అలాగా అని మిగిలిన టీ తాగింది. అంతకంటే పండగ చెయ్యడం ఆవిడకి రాదు. షెడ్డుకి తిరిగొస్తూ, సమయం బాగుంది కదా అని మనసులో మాట బయటపెట్టాను. ఐదేళ్ళుగా ముక్కు నాది, ఇవాళ్టి పరీక్షా నాదే, ఇకనుంచి సీసా మీద నూనెమ్మ అన్న చోట పక్కన నా పేరు కూడా వేస్తే ఏం పోయింది అన్నాను.

అమ్మమ్మ ఆగింది. నన్ను పైనించి కిందికి ఒకసారి చూసింది.

"వాసన చూడ్డం కుక్కకీ వచ్చు" అంది. "పొద్దున కోసిన ఆకు ఎండలో పడేసి వచ్చావు. ముందు పోయి నీడలో పరుచు."