నేను ముట్టని తుపాకీ

సౌదీలో బురైదాకు అరగంట దూరంలో మా కఫీల్‌కు, అంటే నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న ముసలి యజమానికి, ఖర్జూర తోట ఉండేది. నా ఇఖామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే కాగితం, మాత్రం పట్టణంలో ఆయన నడిపే పంపుసెట్ల రిపేరు దుకాణం పేరు మీద ఉండేది. సౌదీవాళ్లకు ఎన్ని ఉద్యోగాలిచ్చారో చూసే నితాఖత్ లెక్కల్లో ఆ దుకాణం ఎరుపులో పడింది, ఇక విదేశీ పనివాళ్ల కాగితాలు పొడిగించరు. ఆ తరువాత విదేశీ పనివాడు ఒక్కొక్కడికి ఇంత అని లెవీ పన్ను వచ్చింది. ముసలాయన పనివాళ్లను ఒక్కొక్కరినే పిలిచి, వాళ్ల ముఖం చూడలేక కాగితాల వంక చూస్తూ, ఫైనల్ ఎగ్జిట్, ఇక మీ దేశం వెళ్లిపోవాలి అని చెప్పేవాడు. చివరికి దుకాణం మూసి, నా కాగితం తోట మీదికి మార్చి, నన్నొక్కణ్ణి తోట పనిలో ఉంచుకున్నాడు.

అక్కడి గొర్రెలను అంతకుముందు ఒక సూడాన్ కాపరి చూసేవాడు. అతని కాగితమూ దుకాణం మీదే ఉండటంతో అతనికీ ఎగ్జిట్ పడింది. దుకాణం పనివాళ్లకూ గదులు తోటలోనే కావడంతో మేమిద్దరం ఆరేళ్లు పక్కపక్క గదుల్లో ఉన్నాం. వెళ్లే రోజు తన పసుపు కుక్కను నా గుమ్మం ముందు కూర్చోబెట్టాడు.

"దీనికి ఇఖామా లేదు, ఎగ్జిట్ లేదు. నీ దగ్గర ఉండనీ" అన్నాడు.

అది వారం రోజులు అతని గది తలుపు దగ్గరే పడుకుంది. నేను పెట్టింది సగం తిని సగం వదిలేసేది. ఒకరోజు పొద్దున లేచి చూస్తే లేదు.

చుట్టుపక్కల తోటల్లోనూ మనుషులు తగ్గిపోయారు. వాళ్లు చేరదీసిన కుక్కలకు అన్నం పెట్టేవాళ్లు లేక అవి గుంపులు కట్టాయి. ఆ చలికాలం అవి మా దొడ్లో మొదట రెండు గొర్రెపిల్లలను, తరువాత ఈనడానికి సిద్ధంగా ఉన్న గొర్రెను చంపాయి. ముసలాయన తన తండ్రి నాటి జోడు గొట్టాల తుపాకీ తీశాడు. మీట నొక్కితే తూటాను కొట్టే దాని గుర్రం విరిగి ఉంది.

"కొత్తది కొనాలి. నాకు గొర్రెల సంగతి తెలుసు, యంత్రాల సంగతి తెలియదు. నువ్వు రా, మొహందిస్" అన్నాడు. మోటార్లు విప్పేవాణ్ణని నన్నలా, ఇంజనీరని, పిలిచేవాడు.

ఆ సాయంత్రం ఫోన్లో నా భార్యకు చెప్పాను.

"తుపాకా? మీకెందుకా పని? చూసుడు చూడుండ్రి గని ముట్టకుండ్రి. మీ చేతిల అసొంటి కాయితం లేదు గద" అంది.

"ముట్టనే. పక్కన నిలవడి చెప్తా, అంతే" అన్నాను.

ఆ మాట తప్పలేదు.

తుపాకుల దుకాణంలో కొత్తగా చేరిన సౌదీ యువకుడొకడు ఉన్నాడు. ముసలాయన లైసెన్సు చూసి, నా వైపు తిరిగి, నువ్వు చేయి పెట్టకూడదని మర్యాదగానే చెప్పాడు. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. మూడు తుపాకులు బల్ల మీద పెట్టాడు. ఒకటి తనంతట తనే గుండు నింపుకొనేది, నగిషీలతో మెరుస్తోంది. ఒకటి జోడు గొట్టాలది. మూడోది భుజానికి ఆనించే చోట నల్లటి ప్లాస్టిక్ కట్టెతో, గొట్టం కింది పిడిని వెనక్కి లాగి ముందుకు తోసే పంపు తుపాకీ. చూడటానికి పేదగా ఉంది.

"మూడూ విప్పి చూపించమనండి బాబా" అన్నాను.

మెరిసేదాన్ని విప్పడానికి ఆ యువకుడికే చాలాసేపు పట్టింది. చిన్న చిన్న ముక్కలు బల్ల నిండా పరిచాడు. పంపు తుపాకీకి ముందున్న మూత తిప్పగానే గొట్టం చేతికొచ్చింది. ఇసుకలో బతకాల్సిన యంత్రానికి విప్పే చోట్లు తక్కువ ఉండాలని నాకు మోటార్లే నేర్పాయి. జోడు గొట్టాలదీ తేలికే. కానీ రెండు దెబ్బల తరువాత వణికే వేళ్లతో మళ్లీ నింపాలి.

పంపుదాన్ని ఆయన భుజానికి ఎత్తుకుంటే బాగానే కుదిరింది.

"ఫర్వా వేసుకుని ఎత్తండి. మీరు కాల్చేది చలిలో" అన్నాను.

ఆయన కారులోంచి ఆ బరువైన ఉన్నికోటు తెచ్చి వేసుకున్నాడు. ఈసారి కట్టె చంకలో చిక్కుకుంది. యువకుడు వెనకనున్న రబ్బరు దిమ్మ తీసి పల్చటిది బిగించాడు. తరువాత ఉత్తుత్తి తూటాలు ఐదు నింపి, ఆయన్ను వరుసగా లాగి తోయమన్నాం. మూడోది అడ్డంగా ఇరుక్కుంది. యువకుడి ముఖం పాలిపోయింది. నాకు మాత్రం చప్పుడులోనే తెలిసింది. పిడి చివరిదాకా రాలేదు.

"తప్పు దానిది కాదు బాబా. మీరు జాలిపడి సగమే లాగుతున్నారు. చివరిదాకా లాగండి, చివరిదాకా తోయండి."

మళ్లీ చేశాడు. ఐదూ దూకి బయటపడ్డాయి. ముసలాయన మొదటిసారి నవ్వాడు.

మర్నాడు తోట వెనక పెద్ద ఇసుక దిబ్బ ముందు కర్రలు పాతి, వాటికి ఖర్జూరం అట్టపెట్టెలు కట్టాను. పదిహేను అంగలు, ఇరవై అయిదు, నలభై. ఆయన కాల్చి, తుపాకీ ఖాళీ చేసి చూపించాకే నేను వెళ్లి చిల్లుల చుట్టూ బొగ్గుతో గీత గీసేవాణ్ణి. రెండు రకాల తూటాలు తెచ్చాం. ఒక రకానివి ఎక్కడపడితే అక్కడ చెదిరాయి, రెండోవి ఒక్కచోట దిగాయి. కానీ ఆ మంచివి కూడా నలభై అంగల దగ్గర ఆయన చేతిలో పెట్టె అంచులనే తాకాయి.

"ఇంత దూరంలో కాలిస్తే కుక్క చావదు. గాయంతో పోయి, ఎక్కడో నాలుగు రోజులు పడి ఉంటుంది" అన్నాను.

ఆయన చాలాసేపు ఆ చిల్లులు చూశాడు. దొడ్డి నుంచి ఇరవై అయిదు అంగల దగ్గర తెల్లరాయి పెట్టమన్నాడు. దానికి అవతల ఉన్న కుక్కను కాల్చనన్నాడు. తరువాత తుపాకీ నా వైపు చాచాడు.

"నువ్వూ ఒకటి కాల్చు. ఇక్కడ ఎవరు చూస్తారు?"

"కాగితం మీ పేరు మీద ఉంది బాబా. నాకున్నది ఒక్క ఇఖామా. అదీ ఎన్నాళ్లో తెలియదు."

ఆయన చేయి వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

పది రోజుల తరువాత ఫజర్ నమాజు ముగిసి, తెల్లవారుతుండగా దొడ్లో గొర్రెలు అరిచాయి. పరుగెత్తాం. అయిదారు కుక్కలు ఒక పొట్టేలును పడేశాయి. మందలోకి కాల్చలేక ముసలాయన దిబ్బవైపు ఒక దెబ్బ పేల్చాడు. కుక్కలన్నీ పారిపోయాయి, ఒక్కటి తప్ప. అది చెవులు వాల్చి, తోక ఊపుతూ నా దగ్గరకే వచ్చింది. మూతి నిండా నెత్తురు. సూడాన్ కాపరి వదిలివెళ్లిన పసుపు కుక్క.

"అదేనా?" అన్నాడు ముసలాయన.

"అదే."

గొర్రె నెత్తురు రుచి చూసిన కుక్కను మళ్లీ దొడ్డి దగ్గర ఉంచలేరు. మా ఇద్దరికీ తెలుసు. కానీ ఆయన తుపాకీ ఎత్తలేదు.

"దాని యజమానికి ఫోన్ చెయ్యి. అతన్ని అడక్కుండా చెయ్యను" అన్నాడు.

చేశాను. సూడాన్‌లో అతను నిద్రలేచాడు. జరిగింది చెప్పాను. అతని వెనక ఎక్కడో కోడి కూసింది.

"బాగా చిక్కిందా?" అని అడిగాడు.

"చిక్కింది."

"తప్పు దానిది కాదు. వదిలి వచ్చింది నేను." అన్నాడతను. "ముందు దానికి నీళ్లు పెట్టు. ముసలాయన్ను దగ్గర నుంచి కాల్చమను. ఒక్కటే దెబ్బ. ఫోన్ పెట్టేయకు, అయ్యేదాకా ఉంటాను."

గిన్నెలో నీళ్లు పోసి దిబ్బ ముందు పెట్టాను. అది ఆత్రంగా తాగింది. ముసలాయన తెల్లరాయి దాటి, ఆరేడు అడుగుల దాకా వెళ్లాడు. పిడిని చివరిదాకా లాగి, చివరిదాకా తోశాడు. తుపాకీ భుజానికి ఆనించాడు. ఒక్క దెబ్బ.

ఫోన్లో అతను దేవుణ్ణి తలుచుకోవడం విన్నాను. తరువాత లైను తెగిపోయింది. తెంచాడో, తెగిందో అడగలేదు. గుంత నేను తవ్వాను. మట్టి తోసేటప్పుడు ఆయన కూడా మోకాళ్ల మీద కూర్చుని చేత్తో తోశాడు.

రెండు నెలలకు ఆయన గొర్రెలన్నిటినీ అమ్మేశాడు. వయసైపోయింది, ఇక చాలు అన్నాడు. తుపాకీ ఇంట్లో పెట్టెలో పెట్టి తాళం వేశాడు. మరుసటి ఏడాది నాకూ ఎగ్జిట్ పడింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కాగితాల వంక చూడలేదు, నా వంకే చూశాడు.

వెళ్లేముందు రెండు రోజులు ఆయనకు మోటారు నేర్పాను. నీళ్లు లాగకపోతే గాలి ఎక్కడ తీయాలి, ఏ మీట ముందు, ఏది తరువాత. ఆయన ప్రతి మాటా నా వెనక తిరిగి చెప్పాడు. నేను పెట్టె సర్దుకుని బయటకు వచ్చేసరికి, థోబ్ అంగీని మోకాళ్ల దాకా ఎగగట్టి, ఆయనొక్కడే ఆ పొడవాటి ఖర్జూర చెట్ల వరసలకు నీళ్లు మళ్లిస్తున్నాడు.