అంజి కోసం ప్రార్థన

ఝాన్సీది నాగాయలంక అవతల ఒక చిన్న పల్లె. తండ్రి నతానియేలు వ్యవసాయ కూలీ. వాళ్ల పేటలో ఇంటర్ దాటి చదివిన మొదటి ఆడపిల్ల ఆమే. బందరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేరింది. తండ్రి పోయాక తల్లి ఎలీసబెతును తెచ్చి దగ్గర పెట్టుకుంది. కొన్నాళ్లకే తల్లికి పక్షవాతం వచ్చింది. పెళ్లి సంబంధం వచ్చినప్పుడల్లా అమ్మ కూడా నాతోనే ఉంటుందని చెప్పేది ఝాన్సీ. ఆ తర్వాత వాళ్లు మళ్లీ ఫోన్ చేసేవాళ్లు కాదు. తల్లి కన్నుమూసేనాటికి ఝాన్సీకి యాభై దగ్గరపడ్డాయి. బందరు ఈడేపల్లిలో అద్దెకున్న మేడమీది వాటాలో, సాయంత్రం ప్రార్థన చేసుకునేటప్పుడు తప్ప ఆమెకు తన గొంతు కూడా వినిపించేది కాదు.

పోయిన ఏడాది వానాకాలంలో, కింది వాటాలో ఉండే ఇంటివాళ్లు పెళ్లికి వెళ్లిన రోజున దొంగ పడ్డాడు. ఝాన్సీ డ్యూటీ నుంచి వచ్చేసరికి తాళం విరిగి ఉంది, బీరువాలో బట్టలు నేలమీద ఉన్నాయి. తల్లి గొలుసు, చేతి గడియారం, మిక్సీ పోయాయి. వాటికన్నా వంటిల్లు చూసి ఆమె ఎక్కువ కలవరపడింది. దొంగ పొద్దుటి అన్నం, పప్పు పెట్టుకుని తిన్నాడు. కంచం కడిగి బోర్లించి వెళ్లాడు. తల్లి పోయాక ఆ ఇంట్లో మరొక మనిషి భోంచేయడం అదే మొదలు.

అప్పటినుంచి తలుపుకు కుర్చీ అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టింది. పిల్లి దూకినా లేచి కూర్చునేది. ఇంటావిడ ఉమాదేవి, ఒక్క కేకేస్తే వచ్చేస్తామని ధైర్యం చెప్పింది. కేక వేయాలన్నా ముందు నోరు పెగలాలి కదా అనుకుంది ఝాన్సీ.

చర్చిలో ఇంకా కష్టమైంది. ఆదివారం, దేవుడు చేసిన మేళ్లు చెప్పుకునే సాక్ష్యాల వేళ ఒకాయన లేచి, మా వీధిలో దొంగలు పడినా ప్రభువు మా ఇంటి చుట్టూ కంచె వేశాడని చెప్పాడు. అందరూ ఆమెన్ అన్నారు. ఆమె కూడా అంది. ఇంటికి నడుస్తూ, మరి నా ఇంటి చుట్టూ ఎందుకు వేయలేదయ్యా అని లోలోపలే అడిగింది. పాస్టర్ జాషువాగారిని అడగడానికి మొహమాటపడింది. ప్రార్థన మానలేదు గానీ, అది ఒక్క మాటకు కుదించుకుపోయింది. వాణ్ణి మళ్లీ రానివ్వకు.

చలికాలం మొదట్లో గుడివాడ నుంచి పోలీసులు ఫోన్ చేశారు. దొంగ దొరికాడు, వచ్చి వస్తువులు గుర్తుపట్టమన్నారు. సెలవు పెట్టి బస్సెక్కింది. ఇన్నాళ్లూ ఆమె ఊహలో వాడు గుమ్మం నిండా నిలబడే మనిషి. స్టేషన్లో గోడవార కూర్చున్నవాడు బక్కపలచని మనిషి, చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు. పేరు అంజి అన్నారు. ఎడమ మణికట్టు వంకరగా ఉంది. ఎప్పుడో విరిగి సరిగ్గా అతుక్కోలేదని ఆమెకు చూడగానే తెలిసింది.

గొలుసు తనదేనని సంతకం పెట్టాక, ఎస్సైగారిని అడిగి అతని దగ్గరికి వెళ్లింది.

"మా ఇల్లే ఎందుకు చూసుకున్నావయ్యా?"

అతను తలెత్తలేదు. "మెట్ల దగ్గర ఎప్పుడు చూసినా ఒక్క జత చెప్పులే ఉండేవండి."

తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. ఆమె ఒక్కతే ఉంటోందని ఇన్నేళ్లలో అంత శ్రద్ధగా గమనించినవాడు అతనే.

ఆ సాయంత్రం మోకరించి, వాణ్ణి రానివ్వకు అనబోయింది. 'వాడు' అనడానికి నోరు రాలేదు. "ప్రభువా, అంజి..." అని ఆగింది. ఏమడగాలో తెలియక ఆ చేతి నొప్పి తగ్గించమంది. పెళ్లాం పిల్లలుంటే వాళ్లను పస్తు పెట్టవద్దంది. చాలాసేపటికి లేచింది. తెల్లారి చూసుకుంటే, తలుపుకు కుర్చీ పెట్టడమే మరిచిపోయింది.

భయం ఒక్కసారిగా పోలేదు. కొత్త తాళం గట్టిదే వేయించింది. అంజి మారతాడనీ, మళ్లీ రాడనీ ఆమె అనుకోలేదు. కానీ రోజూ ఎవరి గురించి దేవుడితో మాట్లాడుతుందో ఆ మనిషికి భయపడడం ఆమెకు చేతకాలేదు. క్రమంగా నిద్ర పట్టసాగింది.

ఈమధ్య ఉమాదేవి పైకి వచ్చి, ఇప్పుడు ఫర్వాలేదా అని అడిగింది.

"భయం తగ్గిందండీ," అంది ఝాన్సీ. "కూర్చోండి, టీ పెడతాను."

కింద పొయ్యి మీద పాలున్నాయి, మళ్లీ వస్తానంటూ ఉమాదేవి దిగిపోయింది. ఝాన్సీ ఒక్క కప్పు టీ పెట్టుకుని, ప్రార్థనకు ఇంకా వేళ కాలేదని కిటికీ దగ్గర కూర్చుంది.