ఉప్పునీళ్ల సారు

మా పరిశోధన సారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మంటే. పత్తర్‌గట్టి సందులోని పళ్ల ఆస్పత్రిలో ఆయన కింద పనిచేశాను. వైరస్‌తో నోట్లో పొక్కులు లేచినవాళ్లకు చైనా మూలికల వేర్ల కషాయం పనిచేస్తుందని ఆయన నిరూపించాలి. సగం మందికి కషాయం, సగం మందికి ఉప్పునీళ్లు పుక్కిలించమని ఇచ్చాం. అందరికీ ఒకేలా తగ్గింది. ఆ ఫలితాల కాగితం చూసినప్పుడల్లా సారు పెన్నుకు క్యాప్ పెట్టి, “మళ్లా చెయ్యి” అనేవాడు. మూడుసార్లు చేశాను.

పురానాపూల్ నుంచి వచ్చే పూలమ్మే అవ్వ ఒకరోజు, “ఈ ఉప్పునీళ్లతోనే మస్తు నయమైంది సారూ” అంది.

“నీకేం ఎరుక?” అని సారు, ఆమె ముఖమైనా చూడకుండా రోగుల జాబితాలోంచి పేరు కొట్టేశాడు.

తర్వాత కొన్నాళ్లకు సారు నోట్లోనే పొక్కులు లేచాయి. బల్ల మీద కషాయం సీసాలు వరుసగా ఉన్నాయి. వాటిని ముట్టలేదు.

“జర గోరువెచ్చని ఉప్పునీళ్లు తీస్కరా అమ్మా” అన్నాడు.

వారం రోజులు నేనే కాచి ఇచ్చాను. ఆ తర్వాత అడిగాను.

“తగ్గిందా సార్?”

“ఆఁ, మంచిగ తగ్గింది.”

అవ్వ పేరు కొట్టేసిన కాగితం ఆయన ముందు పెట్టాను.

“మీ పేరు గూడ రాసి కొట్టెయ్యాల్నా సార్?”