కుళ్ళని సరుకు

ఈ వేసవిలో ఒక మధ్యాహ్నం రాజమండ్రి మెయిన్ రోడ్డు మీద నడుస్తుంటే, జ్యూస్ బండాయన గోనెసంచిలో చుట్టిన ఐసుగడ్డను కర్ర సుత్తితో కొట్టడం వినబడింది. ఒక మొద్దు చప్పుడు, ఆ వెంటనే లోపల గడ్డ చిట్లిన సన్నని చప్పుడు. తడి గోనె వాసన మొహానికి తగిలింది. ఎండలో నిలబడ్డ నలుగురికీ ఆ చప్పుడుకి దాహం వేసే ఉంటుంది. నాకు మాత్రం నాగరత్నం గారు గుర్తొచ్చారు. గుర్తొచ్చి ఊరుకుంటే బాగుండేది, "ఏంటమ్మాయ్, ఎండలో అలా దిమ్మెరపోయి నిల్చున్నావ్" అని అడిగినట్టు కూడా వినిపించింది. ఆవిడని ఎరగనివాళ్ళకి ఆవిడ గురించి చెప్పాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. ఇంటికొచ్చి, చెమట తుడుచుకుని, రాయడానికి కూర్చున్నాను.

నాగరత్నం గారికి నరసాపురంలో, గోదావరి గట్టుకి దగ్గరలో, ఐసు ఫ్యాక్టరీ ఉండేది. చేపలు పట్టే ఇంట్లో పుట్టి, గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్మి, ఆ తరవాత రేవులో పడవల సరుకు వేలం వేసి, చివరికి ఫ్యాక్టరీ పెట్టిన మనిషి. తొంభైల మొదట్లో నేను బీకాం ప్యాసై ఆవిడ దగ్గర గుమాస్తాగా చేరాను. అవి రొయ్యల రోజులు. వరిచేలు చెరువులైపోయాయి, చెరువు తవ్వినవాళ్ళు రాత్రికి రాత్రి కార్లు కొన్నారు. రత్నం గారికీ రెండు చెరువులు ఉండేవి, డబ్బు బాగానే వచ్చింది. ఆవిడ కారు కొనలేదు, మేడ కట్టలేదు. పాత వాచీలు కొన్నారు. ఎవరో పెట్టుకుని, వాడి, చనిపోయిన మనుషుల వాచీలు. ఆవిడ తమ్ముడు సూరిబాబు గారైతే నలుగురిలోనే, "మా అక్కకి ఎన్ని చేతులున్నాయో నాకు తెలీదండి" అనేవారు.

ఆ పిచ్చి ఎలా మొదలైందో ఆవిడే నాకు చెప్పారు. ఒకసారి గాజులు చేయించుకోవడానికి కంసాలి దగ్గర కూర్చున్నారట. రంగూను నుంచి తిరిగొచ్చిన కుటుంబంలోని పెద్దావిడ ఒకరు భర్త బంగారు వాచీ తెచ్చి అమ్మకానికి పెట్టింది. కంసాలి వెనక మూత ఊడదీసి, లోపలి మిషను బయటికి తీసి ఒక పళ్ళెంలో పడేసి, ఒట్టి బంగారం డొప్పని తూకంలో వేశాడు. పళ్ళెంలో ఆ మిషను ఇంకా టిక్కు టిక్కుమని కొట్టుకుంటూనే ఉందట.

"నాకు ఒళ్ళు మండిందమ్మాయ్" అన్నారు ఆవిడ. "బతికున్న కొరమీనుకి ఒక ధర, చచ్చినదానికి ఒక ధర. ఈడు చేతులారా చంపి, చచ్చిన ధర కడతన్నాడు. ఇలా ఇచ్చెయ్యి, మిషను మళ్ళీ లోపల పెట్టు, నేను తీసుకుంటానన్నాను. ఆవిడకి బంగారం ధర మీద ఇంకొంచెం ఇచ్చాను." ఏడాది తిరక్కుండా బొంబాయి నుంచి వచ్చిన ఒక వ్యాపారి ఆ వాచీని చూసి, ఆవిడ ఊహించని ధర పెట్టి పట్టుకెళ్ళాడు. అప్పటికి ఆవిడకి అర్థమైంది, మన జిల్లాల్లో ఇలాంటివి ఎన్నో కంసాలి పళ్ళెంలోకి పోతున్నాయని. జమీందార్ల ఇళ్ళల్లో, రంగూను వెళ్ళొచ్చిన వాళ్ళ పెట్టెల్లో, యానాంలో ఫ్రెంచి వాళ్ళ దగ్గర కొలువు చేసిన కుటుంబాల్లో ఉన్నాయవి. దాచుకున్నవాళ్ళకి వాటి విలువ ఒట్టి బంగారం విలువే.

అలాగని ఆవిడ తెలివికి మొదటినుంచీ తిరుగులేదని కాదు. యానాంలోనే ఒకాయన దగ్గర తళతళలాడే వాచీ ఒకటి మోజుపడి కొన్నారు. రాజమండ్రిలో రిపేరు చేసే ముసలాయన మూత తీసి, డయల్ మీద కొత్తగా రంగు వేశారనీ, లోపల ఉన్నది ఇంకో చవక వాచీ మిషననీ తేల్చేశాడు. వేరేవాళ్ళైతే ఆ సంగతి కడుపులో దాచుకుంటారు. రత్నం గారు ఫ్యాక్టరీలో అందరినీ పిలిచి మరీ చెప్పారు. "చేపైతే మొప్ప ఎత్తి చూసేదాన్ని కదా. వాచీ అనేసరికి మొహం చూసి కొన్నాను. నాకు కావాల్సిందే" అని పడీపడీ నవ్వారు. ఆనాటి నుంచి ముందు వెనక మూత తీయించి లోపల చూడనిదే డయల్ వైపు కన్నెత్తేవారు కాదు. కడిగి తుడిచి పెట్టిన చేపని నమ్మకూడదనేది రేవులో ఎంత నిజమో, పాలిష్ పెట్టిన వాచీ విషయంలోనూ అంతే నిజమని అప్పుడే నేర్చుకున్నారు.

ఒకరోజు రామచంద్రపురం నుంచి ఫోను వచ్చింది. భూములున్న కుటుంబం, తాతగారి జేబు గడియారం ఉంది, మీట నొక్కితే గంటలు కొట్టి టైము చెబుతుంది. "డయల్ మాసిపోయిందండి, మీరొచ్చేలోపు రంగు వేయించి, పాలిష్ పెట్టించి, కొత్తదానిలా చేసి ఉంచుతామండి" అన్నాడు అటువైపు ఆయన, ఎంతో మర్యాదగా. మన వైపు వాళ్ళకి ఇదొక జబ్బు. ఇంటికి చుట్టం వస్తున్నాడంటే గుమ్మానికి రంగు వేసినట్టు, అమ్మే వస్తువుకి కూడా సున్నం కొట్టేస్తారు. రత్నం గారు ఫోనులోనే కేకేశారు. "బాబ్బాబు, దాని జోలికెళ్ళకండి. దుమ్ము కూడా తుడవకండి. నేను బయల్దేరుతున్నాను." ఐసు నీళ్ళకి తడిసిన చీరంచుతోనే బయల్దేరారు, నన్ను వెంటబెట్టుకుని. సఖినేటిపల్లి పంటు ఎక్కి గోదావరి దాటి, కోనసీమ అంతా బస్సులో ఊగి, మళ్ళీ కోటిపల్లి దగ్గర ఇంకో పంటు ఎక్కి ఇంకో పాయ దాటాం. దారి పొడుగునా ఆవిడ ఒకటే మాట, "ఈపాటికి రంగు డబ్బా తెరిచేసుంటారంటావా?"

తెరవలేదు. డయల్ పాత పుస్తకం కాగితంలా పసుపు తిరిగి ఉంది. మీట నొక్కితే లోపల ఎక్కడో చిన్న గుడి గంట మోగినట్టు మోగింది. రత్నం గారు వాళ్ళు అడిగిన దానికన్నా ఎక్కువ ఇచ్చారు. బస్సులో నేను ఆశ్చర్యపోయి అడిగితే, "తక్కువకి కొంటే ఒక్కసారే కొంటాం. వాళ్ళ చుట్టాల ఇళ్ళల్లో ఇంకెన్ని ఉన్నాయో నీకేం తెలుసు" అన్నారు. నిజంగానే ఆ కుటుంబం చుట్టాలే తరవాత రెండు చేతి వాచీలు తెచ్చి ఇచ్చారు.

ఆవిడ ఇవన్నీ ఎందుకు కూడబెడుతున్నారో నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఒక సాయంత్రం రేవులో నిలబడి ఉన్నప్పుడు చెప్పారు. పొద్దున ఎవరూ ముట్టుకోలేనంత ధర పలికిన పండుగప్ప చేప, అమ్ముడుపోక తట్టలో మిగిలి ఉంది. కొనేవాళ్ళు దూరంగా బీడీలు కాలుస్తూ నిలబడ్డారు. "చూశావా, ఆళ్ళేం చెయ్యట్లేదు. ఊరికే నిల్చున్నారు. పొద్దు దిగితే మనమే ఆళ్ళ కాళ్ళ దగ్గరికి వెళ్తామని ఆళ్ళకి తెలుసు. మా అమ్మ జీవితమంతా సాయంత్రానికి భయపడే బతికిందమ్మాయ్. నేనూ అంతే. రొయ్య అంతకన్నా ఘోరం, మేత అడుగుద్ది, మందు అడుగుద్ది, ఆనక చచ్చిపోద్ది. మేత అడగనిది, కుళ్ళనిది ఒక్కటైనా నా ఇంట్లో ఉండాలి." ఆ మాట అన్నప్పుడు ఆవిడ గొంతులో హాస్యం లేదు. నాకు ఆవిడ మీద అంతకుముందు ఉన్నది గౌరవం, ఆ సాయంత్రం నుంచి ప్రేమ.

రొయ్య ఆవిడ అన్నంత పనీ చేసింది. తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులకి చెరువులే తుడిచిపెట్టుకుపోయాయి. కార్లు వచ్చిన దారినే సగం ధరకి పోయాయి. ఐసు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. సరిగ్గా అప్పుడే ఫ్యాక్టరీ కింది స్థలం అసలు యజమాని కబురు పెట్టాడు. ఫ్యాక్టరీ ఆవిడదే గాని స్థలం లీజుది. అమ్మేయాలనుకుంటున్నాననీ, దసరా లోపు సొమ్ము చూపిస్తే ఆవిడకే ఇస్తాననీ, లేకపోతే కాకినాడ కంపెనీ వాళ్ళు సిద్ధంగా ఉన్నారనీ చెప్పించాడు. స్థలం పోతే ఫ్యాక్టరీ లేదు. ఫ్యాక్టరీ లేకపోతే రత్నం గారు మళ్ళీ గంప నెత్తికెత్తుకోవాలి, మేమంతా ఇళ్ళకి పోవాలి.

సూరిబాబు గారు తిన్నగా కంసాలితో మాట్లాడి వచ్చారు. "అక్కా, నా మాట విను. మిషన్లు తీసేసి బంగారం తూస్తానన్నాడు. రేపే సొమ్ము చేతికొస్తుంది. సగం స్థలమైనా దక్కుద్ది." ఆవిడ తమ్ముడికి కాఫీ ఇచ్చి పంపేశారు. తరవాత నాతో ఫోన్లు చేయించారు, బొంబాయి వ్యాపారికీ, మద్రాసులో పాత వాచీలు కొనే ఇంకో వ్యాపారికీ. ఇద్దరికీ ఒకే రోజు రమ్మని చెప్పాం. ఇంకొకరు వస్తున్నారని ఇద్దరికీ చెప్పలేదు.

దసరాకి ముందు రోజు పొద్దున, ఫ్యాక్టరీలో చేపలు వేలం వేసే షెడ్డులో, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నల్లబడ్డారు. బల్ల మీద, ఆవిడ దగ్గరున్న వాటిలో మేలైన మూడు వాచీలు. రామచంద్రపురం గంటల గడియారం, చుట్టాలు తెచ్చిన రెండూ. మూడింటికీ కలిపి ఒకే వేలంపాట. నేను పక్కకి జరగబోతే రత్నం గారు నా భుజం పట్టుకుని బల్ల ముందు నిలబెట్టారు. మా రేవులో తన సరుకు తను వేలం వేసుకోకూడదు. ఆశ ఉన్న గొంతు ధరని చెడగొడుతుందంటారు. సరుకు గలవాళ్ళు పక్కన నోరు మూసుకుని నిలబడాలి, వేరే మనిషి వెయ్యాలి, ఆ మనిషి మాటే చివరి మాట. "నావల్ల కాదండి" అన్నాను. "నా వల్ల కాదు కాబట్టే నిన్ను నిలబెట్టాను" అని ఆవిడ వెళ్ళి స్తంభానికి ఆనుకుని నిలబడ్డారు. ఇంక అటు చూస్తే మొహంలో ఏమీ లేదు, సున్నం కొట్టిన గోడ.

పాట మొదలైంది. నాలుగు మాటలు పెరిగి ఆగిపోయింది. మద్రాసాయన డయల్ మాసిందన్నాడు, బొంబాయాయన కేసు, అంటే పై డొప్ప, అరిగిందన్నాడు. టీ తాగొస్తామని ఇద్దరూ కలిసే బయటికెళ్ళి, కలిసే లోపలికొచ్చారు. అప్పుడు నాకు అర్థమైంది. కూడబలుక్కున్నారు. వచ్చాక మద్రాసాయన మాత్రం ఒక ధర చెప్పాడు, కంసాలి తూకం కన్నా రవ్వంత ఎక్కువ. రెండో ఆయన పైకప్పు చూస్తున్నాడు. ఊరికే నిలబడ్డారు, రేవులో బీడీల వాళ్ళలాగే.

"ఒకటోసారి" అన్నాను. "రెండోసారి" అన్నాను. మూడోసారి అంటే అమ్మేసినట్టే. ఆ సొమ్ముతో స్థలం రాదు. అనకపోతే రేపటికి అసలు సొమ్మే లేదు. రత్నం గారి వైపు చూశాను. గోడ. ఆ క్షణంలో నాకు ఒక్కటే తట్టింది, నా ముందున్నవి పండుగప్పలు కావు. వీళ్ళు ఎంతసేపు నిలబడ్డా వీటికి వాసన రాదు.

"సరుకు ఎత్తేస్తున్నానండి" అన్నాను. ఒక్కొక్క వాచీ గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టి మూత వేశాను. మూత చప్పుడు గట్టిగానే వచ్చింది. మద్రాసాయన లేచి, "ఇలాగైతే మేం వెళ్ళిపోతామమ్మా" అన్నాడు. "ఆయ్, అలాగేనండి" అన్నాను. అప్పుడు రత్నం గారు స్తంభం దగ్గర నుంచి మొదటిసారి నోరు విప్పారు. "బస్సుకింకా టైముందండి. చేపల పులుసు వండించాను, భోంచేసి వెళ్ళండి."

మా పులుసు కాదనగలిగిన మనిషి ఇంకా పుట్టలేదు. ఇద్దరూ తిన్నారు. చెయ్యి కడుక్కోవడానికి ముందు లేచిన బొంబాయాయన రత్నం గారి దగ్గరకెళ్ళి రహస్యంగా ఏదో ధర చెప్పాడు. ఆయన ఇలా తిరగ్గానే మద్రాసాయన వెళ్ళి ఇంకో ధర చెప్పాడు. ఇద్దరికీ ఆవిడ ఒకే జవాబిచ్చారు. "నాకు చెప్తే ఏం లాభమండి, వేలం వేసేది ఆ అమ్మాయి." ఇద్దరూ నా వైపు తిరిగారు, ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కలిసి తాగిన టీ అక్కడితో సరి.

పెట్టె మళ్ళీ తెరిచాను. ఈసారి నేను ఎవరి మొహమూ చూడలేదు, గొంతెత్తి అడుగుతూ పోయాను. డయల్ మాసిందన్నాయనే పైన పెంచాడు, కేసు అరిగిందన్నాయన దాని మీద పెంచాడు. షెడ్డు గుమ్మంలో ఐసు కూలీలు, చేపల ఆడవాళ్ళు గుంపు కట్టి, ధర పెరిగినప్పుడల్లా "ఊఁ" అనడం మొదలుపెట్టారు. మూడోసారి అని బల్ల మీద అరచేతితో కొట్టేసరికి, స్థలం సొమ్మూ వచ్చింది, పైన కొత్త కంప్రెసర్ కొనుక్కునేంతా మిగిలింది. గుంపు వెనక నిలబడ్డ సూరిబాబు గారు తుండుతో కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

వ్యాపారులు వెళ్ళాక రత్నం గారు వచ్చి బల్ల మీద కూర్చున్నారు. "మూత వేశావే, అప్పుడు నా ప్రాణం పోయిందమ్మాయ్" అన్నారు. తరవాత నా రెండు చేతులూ పట్టుకుని, "సరుకు ఎత్తేస్తున్నానన్న మాట మా అమ్మ ఒక్కనాడూ అనలేకపోయింది. నేనూ అనలేకపోయాను. ఇవాళ నా రేవులో విన్నాను" అన్నారు. ఆవిడ ఏడ్చారు, నేనూ ఏడ్చాను, ఇద్దరం అంతలోనే నవ్వాం. దసరా నాడు స్థలం ఆవిడదైంది.

రెండువేల సంవత్సరం దాటాక కొన్నేళ్ళకి ఆవిడ వెళ్ళిపోయారు. ఫ్యాక్టరీ ఇప్పటికీ నడుస్తోంది. నేను రాజమండ్రిలో స్థిరపడి, జీతంలో మిగిల్చి మొదట ఒక వాచీ, ఆ తరవాత ఇంకొన్ని కొన్నాను. మూత తీయకుండా ఒక్కటీ కొనలేదు, రంగు వేయించి ఒక్కటీ అమ్మలేదు. పోయిన నెలలో ఒక వ్యాపారి వచ్చి నా దగ్గరున్న వాచీ ఒకటి అటూ ఇటూ తిప్పి చూసి, ఒక ధర చెప్పి, "ఈ రేటు ఇవాళ సాయంత్రం వరకేనండి" అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నానో పాపం ఆయనకి అర్థం కాలేదు.

"సాయంత్రమైతే ఏమవుద్దండి?" అని అడిగాను.