గట్లు తెంచిన ఏడాది విన్న రాప్

వట్లూరులో డిగ్రీ చదివే రోజుల్లో నేను తాడేపల్లిగూడెంలో అన్నయ్య దగ్గర ఉండేదాన్ని. అన్నయ్య ఒక కంప్యూటర్ సెంటర్‌లో పనిచేసేవాడు. ఇంటర్నెట్‌లో దొరికిన పాత అమెరికా రాప్ ఆల్బమ్‌లు సీడీలకెక్కించి నాకిచ్చేవాడు. నా ఇంగ్లీషు బాగుపడుతుందని అతని ఆశ. పొద్దున్నే కాలేజీకి పాసింజరు ఎక్కి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, మాటలు పట్టుబడేదాకా ఒకే పాట మళ్ళీ మళ్ళీ వినేదాన్ని. భీమడోలు ఎప్పుడు దాటిందో కూడా తెలిసేది కాదు.

మొదటి కాలపు ఆల్బమ్‌లను అందరూ ఆకాశానికెత్తుతారు. నేనెత్తను. చాలావాటిలో మంచి పాటలు ఒకటో రెండో ఉంటే, తక్కినవి విస్తరి నిండటానికి వడ్డించినవే. తానెంత గొప్పవాడో పాటపాటకీ చెప్పుకునేవాణ్ణి భరించడం కష్టం. మధ్యలో వచ్చే ప్రేమపాటలైతే మరీ చప్పన. కానీ ఒక ఆల్బమ్‌లో వాయిద్యాలంటూ దాదాపు లేవు. డ్రమ్ మెషీన్ దరువు, ఇద్దరి గొంతులు, అంతే. ఒకడు వదిలిన మాటను రెండోవాడు కిందపడకుండా అందుకుంటాడు. మా చర్చిలో కొత్త పాట నేర్పేటప్పుడు ఒకరు ముందు అంటే అందరం వెనకాల అందుకునేవాళ్ళం. అందుకే అది నాకు పరాయిగా అనిపించలేదు.

ఇంకొకటి సైరన్ల మోతలతో నిండినది. పాత పాటల ముక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చి, ఊపిరి తీసుకునే సందు లేకుండా చేశారు. మొదటిసారి వింటే తలనొప్పి వచ్చింది. విన్నకొద్దీ ఆ గోలలో ఒక్క చప్పుడు కూడా వృథాగా లేదని తెలిసింది.

ఆ ఏడాదే కొల్లేరు సరస్సులో తవ్వుకున్న చేపల చెరువుల గట్లు ప్రభుత్వంవాళ్ళు తెంచేశారు. సరస్సు బతకాలంటే తప్పదన్నారు. అది అబద్ధమని ఈ రోజుకీ నేననలేను. కానీ ఆ చెరువుల్లో ఒకటి మా నాన్నా, మా ఊరివాళ్ళు కొందరూ కలిసి వేసుకున్నది. యంత్రం గట్టును తవ్వుతుంటే, నీళ్ళతోపాటు చేపలు సరస్సులోకి జారిపోతుంటే, నాన్న కదలకుండా నిలబడి చూశారట. అమ్మ ఫోన్‌లో చెప్పి ఏడ్చింది. నేను ఊరు చేరేసరికి నాన్న అరుగు మీద ఉన్నారు. అన్నం ముట్టడం లేదు. ఎవరు పలకరించినా పలకడం లేదు.

పక్కన కూర్చుని ఆ సైరన్ల ఆల్బమే పెట్టుకున్నాను. కాసేపటికి నాన్న చెయ్యి చాచారు. ఒక ఇయర్‌ఫోన్ ఇచ్చాను. చాలాసేపు విన్నారు.

"ఎవరి మీదమ్మా అంత కోపం?"

"ఆ పాడేవాళ్ళ పేటల్ని పట్టించుకోని పెద్దోళ్ళ మీద నాన్నా."

"ఆళ్ళు విన్నారా మరి?"

"ప్రపంచమంతా విన్నారు నాన్నా."

"విని ఏం చేశారు?"

ఆయన ఇయర్‌ఫోన్ తీసి నా ఒళ్ళో పెట్టారు.

మర్నాడు మధ్యాహ్నం నాన్న కనబడలేదు. అమ్మా నేనూ చెరువు దగ్గరికి పరుగెత్తాం. గట్టు తెగినచోట నాన్న నడుంలోతు నీళ్ళలో నిలబడి, మట్టి నింపిన గోనెసంచులు పేరుస్తున్నారు. పేర్చినది పేర్చినట్టే కొట్టుకుపోతోంది.

"ఏవండీ, పైకి రండీ! మీకు దణ్ణం పెడతానండీ!" అని అమ్మ గట్టు మీద కూలబడిపోయింది.

"ఇంకో నాలుగు బస్తాలు పడితే ఆగిపోద్దే," అన్నారు నాన్న, వెనక్కి తిరగకుండానే.

నేను దిగి ఆయన్ని వెనకనుంచి పట్టుకున్నాను. విదిలించుకున్నారు. మళ్ళీ పట్టుకున్నాను. చివరికి చిన్నగా, "బురదలో కాళ్ళు నిలవట్లేదమ్మా," అన్నారు. అమ్మా నేనూ లాగితే పైకొచ్చారు.

ఆ వానాకాలానికి ఏలూరు వచ్చేశాం. నాన్న చేపలను ఐసులో ప్యాకింగ్ చేసే షెడ్డులో పనికి కుదిరారు. ఎవరివో చేపలు. సాయంత్రం వేళ్ళు పాలిపోయి ఇంటికొస్తే అమ్మ వేడినీళ్ళు పెట్టేది. మెల్లగా అన్నం తినడం మొదలుపెట్టారు, మాట మాత్రం తగ్గిపోయింది.

ఆ ఆల్బమ్ గొప్పదని ఇప్పటికీ అంటాను. కోపాన్ని అంత పొందికగా కూర్చినది నేను మరొకటి వినలేదు. కానీ మొదటినుంచి చివరిదాకా మళ్ళీ వినలేకపోయాను. నాన్న కూడా కొల్లేరు వైపు వెళ్ళలేదు. మా ఊళ్ళో పెళ్ళిళ్ళకు పిలుపులొస్తే అమ్మను బస్సెక్కించి వెనక్కి వచ్చేసేవారు.