ఓనరు గారికి సున్నుండలు

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది. ఏ పనైనా కావాలంటే పై మనిషిని పట్టుకోవాలి, అదీ ఉత్త చేతులతో వెళ్లకూడదు. అమెరికా వచ్చాక కూడా అది చెక్కుచెదరలేదు. ప్లేనో అనే ఊరికి కాస్త ఎడంగా ఓ అపార్ట్‌మెంట్‌లో ఉండేవాణ్ణి. పక్క వాటాలో ఆ ఊరి ఐస్ హాకీ టీము గోల్‌కీపరు, నిండు గర్భిణి అయిన అతని భార్య ఉండేవాళ్లు. (ఐసు మీద మనుషులు అంతలా ఎందుకు కొట్టుకుంటారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.) అప్పుడే మా అమ్మ కొన్నాళ్లుండి పోదామని వచ్చింది. నేను ఆఫీస్‌కి వెళ్లాక, అమ్మకి ఇంగ్లీషు రాక, ఆ పిల్లకి తెలుగు రాక, ఇద్దరూ గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్లు. అమ్మ ఆమెకి చారన్నం కూడా అలవాటు చేసేసింది.

కాన్పు దగ్గరపడిందనగా గోల్‌కీపర్‌ని వేరే రాష్ట్రంలోని టీముకి మార్చేశారు. సోమవారానికల్లా అక్కడ ఉండాలట. ఆ అమ్మాయి మా సోఫాలో కూర్చుని ఏడ్చింది. తొలి కాన్పు, తల్లి లేని పిల్ల, కొత్త ఊళ్లో ఎవరు చూస్తారని అమ్మ బెంగ.

"ఆ టీము ఓనరు గారిని కలిసి, బిడ్డ పుట్టేదాకా ఆపమని అడగరా. ఆయనా పిల్లలు గలవాడేగా" అంది.

నా బుర్రకీ అదే సబబుగా తోచింది. గోల్‌కీపరు వద్దంటుంటే మొహమాటపడుతున్నాడనుకున్నాం. శనివారం పొద్దున అమ్మ సున్నుండలు చుట్టింది, నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను, ఇద్దరం బయల్దేరాం.

ఓనరు గారు పాత కార్లు అమ్మే పెద్దాయన. కూర్చోమంటున్నా వినకుండా, చేతులు కట్టుకుని నిలబడే విన్నవించుకున్నాను. (పెద్దవాళ్ల దగ్గర పని జరగాలంటే అలాగే కదా.) ఆయన నవ్వలేదు. టీము పేరు నాది, బస్సు నాది, టికెట్లు అమ్ముడుపోకపోతే ఆ నష్టం నాది, ఆటగాళ్లు మాత్రం నా వాళ్లు కాదయ్యా అన్నాడు. పెద్ద లీగులో ఉన్న క్లబ్బుతో వీళ్లకి ఒప్పందమట. గోల్‌కీపరుకి జీతమిచ్చేదీ, ఎక్కడ ఆడాలో చెప్పేదీ ఆ క్లబ్బే. అయినా మా ముందే వాళ్లకి ఫోన్ చేసి బతిమాలాడు. అవతలి గొంతు ఎంతో మర్యాదగా, సోమవారమే అంది.

ఆయన మొహం చూసి అమ్మకి సంగతి తెలిసిపోయింది. డబ్బా మూత తీసి ఆయన ముందుకి జరిపింది.

"తినమనరా. ఈయన చేతిలో ఏమీ లేదు, పాపం."

 తిరిగొస్తూ హైవే ఎక్కాక, మీ ఆఫీసు ఓనరు ఎవరని అడిగింది అమ్మ. ఆ ఆఫీసు క్లయింటుదనీ, నా జీతం, వీసా ఎక్కడో న్యూజెర్సీలో ఉన్న కన్సల్టెన్సీ చేతిలో ఉన్నాయనీ, ప్రాజెక్ట్ అయిపోతే వాళ్లు ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవాలనీ హుషారుగా చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోయాను.

"నిన్నెప్పుడు పొమ్మంటారు?" అంది అమ్మ.

మర్నాడు పక్క వాటా వాళ్లిద్దరి సామానూ కార్‌లో సర్ది పంపించాం. పాప అక్కడే పుట్టింది. ఆ సమయానికి తండ్రి టీము బస్సులో ఇంకో ఊరు వెళ్తున్నాడట. ఆ కబురు విని అమ్మ ఆ పూట అన్నం తినలేదు. పక్కింటాయన్ని ఆపించడానికి అంత ధీమాగా బయల్దేరిన కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. తనని ఆపించేవాళ్లు ఎవరూ లేరని పాపం వాడికి అప్పటిదాకా తట్టనేలేదు.